నాయిన ధోవతి పీలికలు

నా గురించి నేను సభల్లో చెప్పుకునే కథ ఒకటి ఉంది. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల కాలేజీల్లో చదివినవాళ్లు కొందరు వినే ఉంటారు. తుర్కపల్లి ల్యాబుల్లో పనిచేసేవాళ్లను పొద్దున తీసుకెళ్లి సాయంత్రం ఇళ్ల దగ్గర దింపే క్యాబుల కంపెనీ నాది. ఒక పాత వ్యానుతో మొదలుపెట్టినవాడు ఇంతమంది డ్రైవర్లకు యజమాని ఎట్లా అయ్యాడో, ముందు తనను తాను ఎట్లా దిద్దుకున్నాడో పిల్లలకు చెప్పమని నన్ను పిలుస్తారు. వెళ్లి చెబుతాను. ఆ కథలో మా నాయిన వస్తాడు. ద్రాక్షతోటల్లో కొమ్మలు కత్తిరించే గుంపుకు ఆయన మేస్త్రీ. తప్పుగా కత్తిరించిన కొమ్మకు, ఎవరు తప్పు చేశారో వాళ్లే గుడ్డపీలిక కట్టాలని ఆ గుంపులో నియమం. అందరికంటే ఎక్కువ పీలికలు మా నాయినవే ఉండేవి. ‘అది చూసిన రోజే అనుకున్నాను, నా పీలిక ఏ కొమ్మకూ కనపడకూడదని. కనపడలేదు’ అంటాను. అక్కడ చప్పట్లు పడతాయి. ఎన్నో ఏళ్లుగా అదే చోట పడుతున్నాయి. ఆ కథ వల్ల మా నాయినకు పోయిన పేరు తిరిగి ఆయనకు చేర్చడానికి ఇది రాస్తున్నాను.

మొన్న దసరాకు కొంచెం ముందు శామీర్‌పేట దగ్గరి ఒక కాలేజీలో ఇదే కథ చెప్పి బయటికి వస్తుంటే, తలుపు దగ్గర ఒక ముసలాయన మనవరాలి భుజం పట్టుకుని నిలబడి ఉన్నాడు. గళ్ల లుంగీ, తెల్ల టోపీ. నన్ను చూసి, “మల్లిగా, గుర్తుపట్టినవా?” అన్నాడు. నన్ను ఆ పేరుతో పిలిచేవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు. “ఖాదర్ చిచ్చా” అన్నాను. మా నాయిన గుంపులో మొదటినుంచీ ఉన్న మనిషి ఆయన.

“పెద్ద సార్‌వి అయినవ్ గదా, నన్ను మర్సిపోయుంటవ్ అనుకున్న.”

“దాదా, సార్‌ను గట్ల పిలవకు” అని మనవరాలు మెల్లగా అంది. ఆ అమ్మాయి అక్కడే చదువుతుంది. సభకు పెద్దవాళ్లను తీసుకురమ్మన్నారట.

“గీని ముక్కు నేను తుడిచిన బేటీ. ఏమని పిలవాలె?” అని నవ్వాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లాడు. “ఒక్కటి అడుగుత చెప్పు. మీ నాయినకు సూపు తగ్గిందనే గదా తోట పటేలు గుంపును నాకిచ్చిండు. నేను తీసుకున్న. దోస్తు చేతులకెళ్లి గుంజుకున్ననా ఏందని గప్పటిసంది మనసుల పరేషానే. ఇయ్యాల నువ్వే అందరి ముందట చెప్పినవ్, తప్పులన్ని మీ నాయినవే అని. అంటే నేను చేసింది బరాబరే గదా?”

“బరాబరే చిచ్చా” అన్నాను.

ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, “ఇగ నిమ్మలంగ నిద్ర పడతది” అన్నాడు.

కారులో కూర్చున్నాక నాకు బాధ కలగలేదు. కలగాలని కాసేపు చూశాను. కిటికీలోంచి ఫంక్షన్‌ హాళ్లు, ప్లాట్ల రాళ్లు, గోడలకు పూసిన రంగులు వెళ్లిపోతున్నాయి. ఆ రోడ్డుకు రెండు పక్కలా ఒకప్పుడు ద్రాక్షతోటలుండేవని తెలిసిన కంటికి కూడా ఇప్పుడు ఆనవాలు దొరకదు. పందిళ్లకు నిలబెట్టిన రాతికూసాలు మాత్రం అక్కడక్కడ ప్రహరీగోడల్లో కలిసిపోయి ఉన్నాయి. ఒక దాని మీద ట్యూషన్ల బోర్డు కట్టి ఉంది.

కత్తిరింపు కాలంలో మా ఇంట్లో పొద్దు చీకటితోనే మొదలయ్యేది. అమ్మ పొయ్యి మీద జొన్న గటక ఉడుకుతుండగానే నాయిన గడపలో కూర్చుని కత్తెర్లు సానబెట్టేవాడు. రాయి మీద ఇనుము ఆడే చప్పుడు, మధ్యలో ఆముదం చుక్క వేసినప్పుడు ఒక క్షణం మౌనం, మళ్లీ చప్పుడు. ఆ చప్పుడుకే నేను మేల్కొనేవాణ్ని. ఇంటినిండా మైలుతుత్తం, సున్నం కలిపిన మందు వాసన. కోసిన చోట పూసే ఆ మందు నీలం రంగు నాయిన గోళ్ల సందుల్లోంచి ఎండాకాలం దాకా పోయేది కాదు. ఆయన అన్నం కలుపుతుంటే ఆ నీలి గోళ్లు చూస్తూ తినేవాణ్ని. తర్వాత అమ్మ పాత గుడ్డలు ముందేసుకుని పీలికలు చింపేది. ఎవరి పీలిక వాళ్ల బట్టలోంచే రావాలి, రంగును బట్టి ఎవరిదో తెలియాలి. అమ్మది పసుపు చీర. ఖాదర్ చిచ్చా ఇంటినుంచి గళ్ల లుంగీ ముక్కలు తెచ్చుకునేవాడు. నాయినవి తెల్ల ధోవతి పీలికలు. నేను బడి మానేసి కత్తెర పట్టిన ఏడు, నా నీలం నిక్కరు చింపి పీలికలు చేసి అమ్మ నా జేబులో పెట్టింది. అవి పొద్దున జేబులో వెళ్లేవి, సాయంత్రం జేబులోనే తిరిగి వచ్చేవి. అంగీతోపాటు ఉతికి ఉతికి, ఒక్కసారి కూడా కట్టకుండానే అవి వెలిసిపోయాయి.

ఆ నియమం ఎందుకో తెలియాలంటే ఆ పని కొంచెం తెలియాలి. ద్రాక్షకొమ్మ మీద చిగురు పుట్టే చోటును కన్ను అంటారు. దసరా కత్తిరింపులో గెల వేసే కన్నును వదిలి, ఆ పైన కోయాలి. కత్తెర కిందికి పడితే ఆ కొమ్మ ఆ ఏడు ఉత్త ఆకు వేస్తుంది, గెల వెయ్యదు. కోసింది మళ్లీ అతకదు. కానీ పీలిక కట్టి ఉంటే వెనకాల వచ్చేవాళ్లు చూసి, పక్క కొమ్మను కొంచెం పొడుగ్గా వదిలి ఆ లోటు పూడ్చేవాళ్లు. పీలిక లేకపోతే గెలలు దిగేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియదు, అప్పుడు తెలిసినా చేసేదేమీ లేదు. కొత్త తోటలో దిగిన రోజు నాయిన అందరికంటే ముందు వరుస పట్టేవాడు. కొంత దూరం పోయి, వెనక్కి తిరిగి తన కోతలు తానే చూసుకుంటూ వచ్చేవాడు. తప్పు కనపడితే తన తెల్ల పీలిక కట్టి, “ఇగో, నాదొకటి పడ్డది. ఇగ మీరు దిగున్రి” అనేవాడు. అది విన్నాక ఆడవాళ్లు నవ్వుకుంటూ పందిరి కిందికి వచ్చేవాళ్లు. పీలిక కట్టిన మనిషిని ఆయన ఎన్నడూ ఏమీ అనలేదు. కట్టిందాన్ని చూసి, పక్క కొమ్మ చూసి, ముందుకు పోయేవాడు.

నేను కట్టలేదు. తప్పులు పడలేదని కాదు. నాకు వడి ఎక్కువ, చూపు తక్కువ. కత్తెర పడ్డాక తెలిసేది, అయ్యో కింద పడిందే అని. జేబులో చెయ్యి పెట్టేవాణ్ని కూడా. పక్క వరుసలో ఖాదర్ చిచ్చా ఉండేవాడు, అవతల అమ్మ ఉండేది. పీలిక కడితే చూస్తారు. చెయ్యి బయటికి తీసి ఇంకో కొమ్మ పట్టుకునేవాణ్ని. నేలమీద పడ్డ కొమ్మను కాలితో ఆకుల్లోకి తోసేవాణ్ని.

ఒకరోజు పని అయ్యాక అందరం రోడ్డు దాకా వచ్చేశాం. నీళ్ల డబ్బా తోటలో మరిచిపోయానని వెనక్కి వెళ్లాను. ఎండ పందిరి కిందికి వాలి, రాలిన ఆకు మీద పడుతోంది. నాయిన చేతులు రెండూ పైకెత్తి నిలబడి కొమ్మకు పీలిక కడుతున్నాడు. తెల్ల పీలిక. అది నేను కోసిన వరుస. కట్టి, పక్క కొమ్మను వేలితో కొలిచి, ఇంకో అడుగు వేసి ఇంకోటి కట్టాడు. అప్పుడు నన్ను చూశాడు.

“డబ్బ దొరికిందా?”

“దొరికింది.”

“పా. అమ్మ సూస్తుంటది.”

తోట గట్టు దాటాం. తర్వాత, “మల్లిగా, గా మూలకున్న తీగలకు కన్ను కిందికుంటది. జర నిమ్మలంగ పో” అన్నాడు.

“నాకెర్కే” అన్నాను.

ఆ మాట ఆయన మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. నా తప్పు కింద తన పేరు రాసుకుంటున్నాడని నాకు ఆ రోజే తెలుసు. సభల్లో నేను చెప్పని ముక్క ఇది. ఆ సాయంత్రం కడుపునిండా తిన్నాను. మర్నాటినుంచి నా కత్తెర ఇంకా వేగంగా ఆడింది. వెనకాల కట్టేవాడు ఒకడున్నాడని తెలిశాక చేతికి భయం పోతుంది. దాన్ని నేను అప్పుడు నైపుణ్యం అనుకున్నాను. చాలా కాలం అట్లాగే అనుకున్నాను.

గుంపు కూడా అట్లాగే అనుకుంది. “నర్సిములన్నా, నీ కొడుకు మిషిన్ లెక్క ఉరుకుతుండు. నీ చేతులే ఇగ మొద్దుబారుతున్నయ్” అని ఖాదర్ చిచ్చా ఒకసారి అందరి ముందూ అన్నాడు. “ఔ మల్ల, ముసలితనం వస్తలేదా” అని నాయిన నవ్వాడు. అప్పటికి ఆయనకు నా ఇప్పటి వయసు కూడా లేదు.

గెలలు దిగే కాలంలో తోట పటేలు వరుసల మధ్య తిరగడానికి వచ్చాడు. తోటంతా పచ్చని గెలలు వేలాడుతుంటే, నా వరుసల్లో మాత్రం ఆకుల మధ్య తెల్ల పీలికలు గాలికి ఊగుతున్నాయి. ఏ వరుస ఎవరు కోశారో అన్ని నెలల తర్వాత ఎవరికీ గుర్తు లేదు, పీలిక రంగే గుర్తు. పటేలు ఒక పీలిక పట్టుకుని లాగి చూశాడు.

“ఏంది నర్సిములూ, నీ ధోవతి సగం నా తోటలనే ఉన్నది గదా.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాయిన కూడా నవ్వాడు.

“కండ్లు డాక్టర్‌కు సూపిచ్చుకో. వచ్చే కత్తిరింపుకు ఖాదర్ ముందు నడుస్తడు. ఏమంటవ్?”

“అట్లనే పటేలా.”

అంతే. నేను నాయిన పక్కనే ఉన్నాను. చెయ్యి జేబులో ఉంది, వేళ్లకు నీలం పీలికలు తగులుతున్నాయి. ఒక్క మాట అంటే సరిపోయేది. నాయిన నా వైపు చూస్తాడేమో అనుకున్నాను. చూడలేదు. చూస్తే నేను చెప్పాల్సి వచ్చేది. అందుకే చూడలేదని ఇప్పుడు అనుకుంటున్నాను, అప్పుడు మాత్రం బతికిపోయాననుకున్నాను.

ఒక తోట పటేలు అన్న మాట ఇంకో తోటకు పోవడానికి ఎంతో కాలం పట్టదు. నర్సిములుకు చూపు లేదని కీసర దాకా తెలిసిపోయింది. ఒక కత్తిరింపుకు నాయిన ఖాదర్ చిచ్చా వెనకాల నడిచాడు. తర్వాత కత్తెర్లకు ఆముదం పూసి గోనెగుడ్డలో చుట్టి అటక మీద పెట్టి, కీసర పోయే దారిలో ఒక కోళ్లఫారానికి కావలి పనికి కుదిరాడు. నీలం గోళ్లు తెల్లబడ్డాయి. బట్టలకు కోళ్ల దాణా వాసన వచ్చింది. నేను లారీ క్లీనరుగా వెళ్లిపోయాను, తర్వాత డ్రైవింగ్, తర్వాత వ్యాను. చూపు పోయిందని నలుగురూ నమ్మిన ఆ మనిషి, చనిపోయే ఏడు దాకా మా అమ్మకు సూదిలో దారం ఎక్కించి ఇచ్చేవాడు. దీపం దగ్గరికి కూడా జరిగేవాడు కాదు.

కంపెనీ కాస్త నిలదొక్కుకున్నాక నేను నాయిన పద్ధతినే తెచ్చి పెట్టాను, కానీ ఆయన పేరు చెప్పలేదు. ఆలస్యం చేసినా, బండికి గీత పడినా డ్రైవరే తన బండి అద్దానికి ఎర్ర రిబ్బన్ కట్టుకోవాలి. వారం పొడుగునా అది ఉండాలి. మొదట్లో రిబ్బన్లు బాగా కనపడేవి. కట్టినవాణ్ని పొద్దున మీటింగులో నిలబెట్టి నేను మాట్లాడేవాణ్ని. కొన్ని నెలల్లో రిబ్బన్లు మాయమయ్యాయి. తప్పులు తగ్గిపోయాయని సభల్లో చెప్పుకున్నాను. గీత పడితే డ్యూటీకి వచ్చేలోపే సొంత డబ్బుతో రంగు వేయించుకుంటున్నారని నాకు తెలుసు. బ్రేకు సరిగా పడకపోయినా చెప్పకుండా ల్యాబు పిల్లలను ఎక్కించుకుని తిప్పుతున్నారని కూడా తెలుసు. నాయిన పద్ధతిలో మొదటి పీలిక మేస్త్రీదే. అదొక్కటి వదిలేసి మిగతాదంతా తెచ్చాను. నా కారు అద్దానికి రిబ్బన్ ఎప్పుడూ లేదు.

ఆ రోజు కాలేజీ నుంచి వస్తుంటే నా డ్రైవరు అడిగాడు. హాల్లో వెనక నిలబడి అతనూ విన్నాడట. “సార్, మీ నాయిన మేస్త్రీ గదా. మేస్త్రీ గూడ గుడ్డ కట్టేదా?”

“కట్టేది.”

అతను అద్దంలో నన్ను ఒకసారి చూశాడు. తర్వాత రోడ్డు చూసుకున్నాడు.

కొన్నాళ్ల తర్వాత ఖాదర్ చిచ్చా ఇంటికి వెళ్లాను. తుర్కపల్లిలో ఊరి చివర, ఒక ల్యాబు గోడకు ఎదురుగా ఉంది. వాకిట్లో రెండు రాతికూసాలు, వాటి మీద ఒకే ఒక్క ద్రాక్షతీగ. చాయ్ ఇచ్చారు. తాగాక చెప్పాను. పీలికలు ఎవరివో, ఏ వరుసవో, నాయినను నేను ఎప్పుడు చూశానో అన్నీ చెప్పాను. నా గొంతు మామూలుగానే ఉంది. కంపెనీలో లెక్కలు చెప్పినట్టు చెప్పాను.

చిచ్చా చాయ్ గ్లాసును చేతిలో తిప్పాడు. తర్వాత, “అంటే మీ నాయిన కండ్లు మంచిగనే ఉండె” అన్నాడు.

“ఉండె.”

“నేను మంచిగున్న మనిషిని వెనకకు నూకి ముందట నడిచిన అన్నట్టు. గప్పుడు నువ్వు ఒక్క మాట చెప్పకపోతివి గనక.” చాయ్ గ్లాసు కింద పెట్టాడు. “మొన్న బరాబరే అంటివి గదరా.”

“అంటిని చిచ్చా.”

“నాకెందుకు చెప్తున్నవ్? నేను ఇంకెన్ని దినాలుంట? ఏడ చెప్పినవో ఆడనే పోయి చెప్పు” అని లేచి, నమాజుకు కాళ్లు చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

చెప్పాను. అదే కాలేజీలో, ఇంకో సభలో. కథ ఎప్పటిలాగే మొదలుపెట్టి, నాయిన తెల్ల పీలికలు కట్టిన తప్పులు నావి అన్నాను. పటేలు ముందు నేను నోరు తెరవలేదన్నాను. నాయిన మేస్త్రీ పని పోవడం నా వల్లేనన్నాను. రిబ్బన్ల సంగతి కూడా చెప్పాను. మాట ఆగాక, ముందు వరుసలో ఎవరో లేచి నిలబడ్డారు. తర్వాత అందరూ లేచారు. నా జన్మలో అన్ని చప్పట్లు వినలేదు. దిగి వస్తుంటే నిర్వాహకుడు నా రెండు చేతులూ పట్టుకుని, “ఇదే సార్ అసలైన నాయకత్వం. పాతదానికంటే ఇది ఇంకా బాగుంది. అన్ని చోట్లా ఇదే చెప్పండి” అన్నాడు. శాలువా కప్పారు. ఫొటోలో నేను నవ్వుతూనే ఉన్నాను.

శాలువా కారులో వదిలేసి నేరుగా చిచ్చా దగ్గరికి వెళ్లాను. ఆయన వాకిట్లో స్టూలు వేసుకుని, కత్తెర పట్టుకుని తీగ వైపు చూస్తున్నాడు. దసరా కత్తిరింపు ఆలస్యమైపోయింది.

“చెప్పిన చిచ్చా.”

“ఏమన్నరు?”

“లేసి నిలబడి సప్పట్లు కొట్టిన్రు.”

ఆయన నా మొహం కేసి చూశాడు. వెక్కిరిస్తున్నానేమో అనుకున్నట్టుంది. కాదని తెలిశాక మొహం తిప్పుకున్నాడు. “మీ నాయిన కట్టిన నాడు నవ్విన్రు” అన్నాడు. తర్వాత కత్తెర నా వైపు చాపాడు. “నా చేతులు పైకి లేస్తలేవు. నువ్వే కొయ్యి.”

స్టూలెక్కాను. పిడి మీద ఆముదం జిగురు. కత్తెర పట్టి ఎన్నేళ్లయిందో, అయినా వేళ్లు సరిగ్గానే కూర్చున్నాయి. మొదటి కొమ్మ బాగానే పడింది. రెండోదీ పడింది. మూడోదానికి చెయ్యి వడి పెంచింది. కట్‌మన్నాక చూశాను. కోత కన్నుకు కింద పడింది.

చిచ్చాకు కనపడలేదు. ఆయన అరుగు మీద అటు తిరిగి కూర్చుని రోడ్డు మీద పోయే ల్యాబు క్యాబులు చూస్తున్నాడు. అందులో ఒకటి నాదే. చేతిలో కోసిన ముక్క ఉంది, కింద రాలిన ఆకు ఉంది. నేను జేబులో చెయ్యి పెట్టాను. ఇస్త్రీ చేసిన తెల్ల రుమాలు తగిలింది. అంచు పట్టి లాగితే తెగలేదు. పంటితో కొరికి చింపాను. ఆ చప్పుడుకు చిచ్చా తల తిప్పాడు.

కొమ్మకు పీలిక చుట్టి ముడి వేశాను. ఏదో అనిపిస్తుందనుకున్నాను. ఏమీ అనిపించలేదు, ముడి కొంచెం వదులుగా పడిందని తప్ప. దాన్ని విప్పి మళ్లీ వేశాను. పక్క కొమ్మను వేలితో కొలిచి, పొడుగ్గా వదిలి కోశాను.

“ఒక్కటేనా?” అన్నాడు చిచ్చా.

మొదటి రెండు కొమ్మలూ మళ్లీ చూశాను. రెండోది కూడా కిందే పడింది.

“ఇంకోటున్నది చిచ్చా.”

“సరిపోతదా రుమాలు? అంగీ గూడ ఇప్పుతవా?”

రుమాలు ఇంకో అంచు పంటికి పెట్టుకున్నాను.